ధ్రువతీరపు వేటపక్షి: లక్షణ నిర్ణయము

1994లో మొదలైన గణేశుని లడ్డు వేలము మూలమున బాలాపూర్ పేరు తెలుగునాట ఎల్లరకును తెలిసినది. ఒకనాటి ఆ పల్లె నేడు హైదరాబాదు మహానగరములో కలిసిపోయినది. పొలములున్న చోట ఇండ్లు లేచినవి. బండల నడుమ వీధులు వెలసినవి. అయినను ఆ దిక్కున చెరువులు కొన్ని ఇంకను మిగిలియున్నవి. వానలు వెనుకబట్టిన పిమ్మట నగరము చుట్టునున్న ఇట్టి చెరువుల అంచులకు పిచ్చుకంతటి బూడిదవన్నె పిట్టలు గుంపులుగా దిగును. బురదలో ముక్కులు పొడుచుచు, ఒక్క క్షణమైనను నిలువక అటునిటు పరుగులు తీయును. ఉల్లంకి కుటుంబమునకు చెందిన ఈ పిట్టకు ఆంగ్లమున లిటిల్ స్టింట్ అని పేరు. దీని తూకము సాధారణముగా 30 గ్రాములకు లోపే. ఇది పుట్టినది మాత్రము ఇచ్చటికి సుమారు 6,000 కిలోమీటర్ల దూరమున, సైబీరియా ఉత్తరపు అంచున, చెట్టు మొలవని టండ్రా నేలపైన.

ఆ నేలపైననే దాని శత్రువును పుట్టును. గ్రుడ్డుగా ఉన్నప్పుడును, పిల్లగా ఉన్నప్పుడును స్టింటునకు ఎదురగు గండములలో స్కువా అను పక్షి యొకటి. వేసవి రెండు మూడు నెలలు నేలమీద వేటాడి, తక్కిన సంవత్సరమంతయు సముద్రముపై దోపిడితో బ్రదుకు పక్షి ఇది. చిక్కిన పిమ్మట చేతిలో నుంచుకొని దీని జాతి చెప్పుట సులభము. ఎగురుచుండగా, దూరమునుండి, రెండు నిమిషములలో చూచి చెప్పుట మాత్రము అనుభవము గల పక్షిశాస్త్రజ్ఞులకు కూడ కష్టమైన పనులలో నొకటి. ఆ కష్టమునకు కారణమేమి, దానిని దాటుటకు మార్గమేమి అని విచారించినచో పక్షుల సంగతియే గాక, కంటితో చూచి నిర్ణయించు ప్రతి విషయమును గూర్చియు కొంత తెలియవచ్చును.

దొంగకు వచ్చిన పేరులు

స్కువా అను మాట ఉత్తర అట్లాంటిక్ సముద్రమందలి ఫారో దీవుల భాషనుండి ఆంగ్లమునకు వచ్చినది. అమెరికావారు ఇందలి చిన్న జాతులను జేగర్ అందురు. అది వేటకాడు అను అర్థము గల జర్మను పదము. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు అంత గౌరవమైనది కాదు. 1760లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బ్రిస్సన్ ఈ గణమునకు స్టెర్కొరేరియస్ అని నామకరణము చేసెను. లాటిను భాషలో ఆ మాటకు పెంటకు సంబంధించినదని అర్థము. స్కువా ఇతర పక్షులను తరుముట, తరుమబడిన పక్షి ఏదో జారవిడుచుట, స్కువా దానిని గాలిలోనే అందుకొని తినుట ఆనాటి వారు చూచిరి. జారిపడినది రెట్ట యని తలచిరి. వాస్తవమున అది ఆ పక్షి అప్పుడే మ్రింగి, ప్రాణభీతిచే కక్కిన చేప. చూచినది నిజమే; చేసిన ఊహ తప్పు. ఆ తప్పు ఊహ 260 సంవత్సరములు గడచినను శాస్త్రనామమున నిలిచియున్నది. ఈ పక్షిని గూర్చి మాటాడువారు మొదటనే జ్ఞప్తియందుంచుకొనదగిన సంగతి ఇది.

వేటపక్షుల పేరులకు తెలుగు దరిద్రమైన భాష కాదు. సాళువము, బైరి, జాలె, డేగ అని వేరువేరు పేరులు మనకు కలవు. విజయనగరమును ఏలిన సాళువ వంశమువారి పేరును వేటడేగ పేరే. మనిషి ఆ పక్షులను పట్టి, పెంచి, చేతిమీద కూర్చుండబెట్టుకొని వేటకు పోయినాడు గనుక వాని భేదములను పేరులతో సహా ఎరిగినాడు. స్కువా ఒడ్డునకు దూరముగా బ్రదుకు పక్షి యగుటచే దానికి వాడుకలో స్థిరపడిన తెలుగు పేరు లేదు. పేరు లేనిదానిని గుర్తించుట మరింత కష్టము. కన్ను చూచినను మనస్సు దానిని నిలుపుకొనదు.

ఎలుకల లెక్క, పిట్టల లెక్క

స్కువా కుటుంబమున ఏడు జాతులు కలవు. వానిలో నాలుగు పెద్దవి, మూడు చిన్నవి. ఉత్తర ధ్రువ మండలమును ప్రధాన జన్మస్థానముగా గలవి ఈ చిన్న జాతులు మూడు: పోమరైన్ స్కువా, ఆర్కిటిక్ స్కువా, పొడుగుతోక స్కువా. మూడును నేలమీద చిన్న పల్లము చేసికొని సాధారణముగా రెండేసి గ్రుడ్లు పెట్టును. బాతు పాదమువలె వ్రేళ్ల నడుమ పొర, ఆ వ్రేళ్లకు గోళ్లు, కొన వంగిన ముక్కు వీనికి కలవు. డేగలయందువలె వీనియందును ఆడుది మగదానికంటె పెద్దది.

టండ్రాలో లెమ్మింగు అను ఎలుక జాతి జంతువు కలదు. దాని సంఖ్య కొన్ని ఏండ్లకొకమారు విపరీతముగా పెరిగి, పిమ్మట హఠాత్తుగా పడిపోవును. పోమరైన్ స్కువా ఈ లెమ్మింగులు విస్తారముగా ఉన్న ఏటనే, ఉన్న చోటనే పిల్లలను పెంచును. అలాస్కా ఉత్తరపు కొనయందలి బారో అను చోట ఈ సంబంధమును పరిశీలించి పిటెల్కా, టోమిచ్, ట్రైకెల్ అను మువ్వురు 1955లో ప్రకటించిరి. లెమ్మింగులు లేని ఏట ఈ పక్షులు వచ్చి, చూచి, గూడు కట్టకయే మరలిపోవును.

ఈ ఎలుకల లెక్కకును మన చెరువుల అంచున పరుగెత్తు పిట్టలకును ఏమి సంబంధమని అడుగవచ్చును. లెమ్మింగులు సమృద్ధిగా ఉన్నప్పుడు నక్కలును స్కువాలును వానిని తిని తృప్తి చెందును. ఉల్లంకి జాతుల గూళ్ల జోలికి అంతగా పోవు. లెమ్మింగులు క్షీణించిన ఏట అవి గ్రుడ్లమీదను పిల్లలమీదను పడును. సైబీరియాలోని తైమీర్ ద్వీపకల్పమున లెమ్మింగులు హెచ్చిన ఏటి శీతకాలమున దక్షిణాఫ్రికా తీరమునకు చేరిన కర్లూ శాండ్‌పైపర్లలో పిల్లపక్షులు హెచ్చుగా ఉండుటయు, తగ్గిన ఏట అవి అరుదగుటయు 1980వ దశకమున పరిశోధకులు చూపిరి. ఆ టండ్రాలోనే పిల్లలను చేయు లిటిల్ స్టింటు ఈ లెక్కకు బయట ఉన్నదనుకొనుటకు వీలు లేదు. మంచునేలపై ఎలుకకును, స్కువాకును, హైదరాబాదు చెరువు గట్టున దిగిన 30 గ్రాముల ప్రాణమునకును నడుమ ఇంత దగ్గరి చుట్టరికము కలదు.

గాలివాన త్రోవ

వేసవి ముగియగానే స్కువాలు దక్షిణమునకు బయలుదేరును. పొడుగుతోక స్కువాలు కొన్ని గ్రీన్లండు నుండి ఆఫ్రికా దక్షిణపు కొన వరకు పోవును. పోమరైన్, ఆర్కిటిక్ స్కువాలు అరేబియా సముద్రమున శీతకాలము గడపును. భారతదేశపు పడమటి తీరమునకు ఎదుట నావలలో పోవువారికి పోమరైన్ స్కువా కనబడుట కలదు. సాధారణముగా సముద్రమును విడువని పక్షులే యైనను, వలస కాలమున ఇవి ఖండములను అడ్డముగా దాటును. ఐరోపా, మధ్య ఆసియాల నడుమనున్న సరస్సులమీద కూడ వీనిని చూచినవారున్నారు.

సముద్రపక్షులను లోతట్టునకు తెచ్చు మరియొక కారణము గాలివాన. 2020 అక్టోబరు 13వ తేది ఉదయమున బంగాళాఖాతపు తీవ్ర వాయుగుండము కాకినాడ సమీపమున తీరము దాటెను. తెలంగాణ మీదుగా పడమటికి పోయి, కొన్ని దినములకు అరేబియా సముద్రమున ప్రవేశించెను. ఆ దినమున హైదరాబాదులో కురిసిన వాన ప్రజలు మరచునది కాదు. నాలుగు దినముల పిమ్మట మరల కురిసిన వానకు బాలాపూర్ ప్రాంతపు గుర్రం చెరువు కట్ట తెగి, దిగువనున్న బస్తీలు నీట మునిగినవి. ఆ ఉపద్రవమున పక్షులను వెదకు తీరిక ఎవరికి నుండును? అయినను అక్టోబరు స్కువాల వలసకాలము; ఒక సముద్రము నుండి మరియొక సముద్రమునకు తెలంగాణ మీదుగా గాలి త్రోవ తీసిన కాలము. త్రోవతప్పిన సముద్రపక్షి ఏదైనను లోతట్టు నీటిపై వాలవలసివచ్చినచో అట్టి వానల వెంటనే వాలును. అప్పుడు చెరువు గట్టున నిలిచిన మనిషి దానిని ఏమని చెప్పవలెను?

లక్షణమునకు మూడు దోషములు

ఈ ప్రశ్నకు సమాధానము పక్షిశాస్త్రమున కంటె ముందు తర్కశాస్త్రమున కలదు. తెలుగువాడని ప్రసిద్ధి చెందిన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహము చదివినవారికి లక్షణమనగా నేమో తెలియును. ఒక వస్తువును తక్కినవానినుండి వేరుపరచు ధర్మమే లక్షణము. దానికి మూడు దోషములు చెప్పుదురు. గోవునకు కపిలవర్ణము లక్షణమన్నచో తెల్లని ఆవు విడిపోవును, ఇది అవ్యాప్తి. కొమ్ములుండుట లక్షణమన్నచో గేదెయు లోపలికి వచ్చును, ఇది అతివ్యాప్తి. ఒంటిగిట్ట లక్షణమన్నచో ఏ ఆవునకును పొసగదు, ఇది అసంభవము. మూడు దోషములును లేనిది గంగడోలు. కావున గంగడోలే గోలక్షణము.

స్కువా విషయమున అందరును మొదట చెప్పునది దాని దొంగతనము. ఇతర పక్షి నోటి చేపను లాగుకొనుట చూచినచో స్కువా యని నిర్ణయింతురు. ఇది అతివ్యాప్తి. గద్ద కాకినోటి మాంసపు ముక్కను తన్నుకొనిపోవుట బాలాపూర్ బజారులో ఏ దినమునను చూడదగిన దృశ్యము. సముద్రముమీద గల్ పక్షులును పరుల నోటి చేపను దోచుకొనును. రెండవది తోక నడుమనుండి పొడుచుకొని వచ్చిన రెండు పొడుగు ఈకలు. ఇది అవ్యాప్తి. పెరిగిన పక్షికి, అదియు వేసవి వేషముననే, ఆ ఈకలు నిండుగా నుండును. పిల్లపక్షికి అవి పొట్టివి. పెద్దదానికి కూడ ఈకలు రాల్చు కాలమున విరిగియో, ఊడియో, సగము పెరిగియో యుండును. మన సముద్రములకు స్కువాలు వచ్చునది శీతకాలమున గదా! చిత్రపటములలో చూచిన అందమైన తోకకొరకు ఎదురుచూచువాడు తోక లేని స్కువాను ఎదుట నుంచుకొనియే పోగొట్టుకొనును.

మూడవది ఎగురునప్పుడు రెక్క కొన దగ్గర మెరయు తెల్లని మచ్చ. ప్రధానమైన ఈకల మొదళ్లు తెల్లగా నుండుటచే ఈ మచ్చ ఏర్పడును. నల్లని పక్షి రెక్క విప్పగానే ఇది తళుక్కుమని దూరమునకు కనబడును. గంగడోలునకు సమీపమైన లక్షణము ఇదియే. కాని పెరిగిన పొడుగుతోక స్కువాకు రెక్క అడుగున ఈ మెరపు దాదాపు ఉండదు. ఇచ్చటను కొంత అవ్యాప్తి మిగిలినది. ఈ విధముగా ఒక్క గుర్తును నమ్మినవానికి స్కువా చిక్కదు. ఒడలి కట్టు, రెక్కల తీరు, ఎగురు విధము, ముక్కు, ఈకల రంగు, వయస్సు, ఋతువు అనువానిని కూర్చి చూచినప్పుడే నిర్ణయము నిలుచును.

గద్దను తెలిసినవాడు

నైయాయికులు ఉపమానము అను ప్రమాణమునకు చెప్పు కథ ఒకటి కలదు. గవయమను అడవి మృగమును ఎన్నడును చూడని పట్టణవాసి, అది గోవును పోలియుండునని అడవిలో తిరుగువాని వలన వినెను. ఒకనాడు అడవికి పోయి, గోవును పోలిన మృగము నొకదానిని చూచి, విన్న మాట జ్ఞప్తికి తెచ్చుకొని ఇదియే గవయమని తెలిసికొనెను. పక్షులను గుర్తించుటకు వ్రాయబడు నేటి పుస్తకములన్నియు ఈ కథకు వ్యాఖ్యానములే. అయితే ఒక నియమము కలదు: గోవును చక్కగా ఎరుగనివానికి గవయము తెలియదు.

స్కువాకు మన గోవు గద్ద. హైదరాబాదు ఆకాశమున గద్ద లేని చోటు అరుదు. దాని రెక్క వెడల్పైనది. కొనయందలి ఈకలు విప్పిన చేతివ్రేళ్లవలె విడివిడిగా నుండును. స్కువా రెక్క సన్ననిది, కొన మొనదేరినది, మణికట్టు దగ్గర వెనుకకు వంగినది. గద్ద తోక చీలినది. నడుమ లోతు, అంచులు పొడుగు. స్కువా తోక దానికి సరిగా విరుద్ధము. అంచులకంటె నడుమ పొడుగు. గద్ద తోకను చుక్కానివలె అటునిటు త్రిప్పుచు సుడులు తిరుగును. స్కువా రెక్కలల్లార్చుచు నీటికి దగ్గరగా తిన్నని త్రోవన పోయి, వేటను చూడగనే వేగము పెంచును. తరుమబడుచున్న పక్షి మలుపు తిరిగినచో తానును తిరుగును, పైకి లేచినచో తానును లేచును. గద్ద కాకిపై ఒక్కమారు విసురుగా వచ్చి పోవును. స్కువా చాలసేపు విడువక వెన్నాడును.

గద్ద తరువాత తెలియవలసినది గల్ జాతి. గోధుమరంగుతో నుండు పెద్ద గల్ పిల్లలను స్కువాలని భ్రమించుట అన్ని దేశములలోను కలదు. గల్ పిల్ల రెక్క మరింత వెడల్పు. ఒడలు మచ్చలతో మాసినట్లుండును. రెక్క కొన మొదట తెల్లని మెరపు ఉండదు. తలపై గోధుమరంగు గల బ్రౌన్‌హెడెడ్ గల్ లోతట్టు జలాశయములకు శీతకాలమున వచ్చునట్టిది. దాని రెక్కకు తెల్లని పట్టీ ఉన్నను, ఒడలి తెలుపు దానిని పట్టి ఇచ్చును. ఈ రెండు మూడు పక్షులను అన్ని వయస్సులలోను, అన్ని వెలుగులలోను ఎరిగినవానికి స్కువా వచ్చినప్పుడు ఇది వీనిలో నేదియు కాదని తోచును. ఆ తోచుటయే సగము పని.

మూడు జాతుల భేదము

స్కువా యని తేలిన పిమ్మట ఏ స్కువా యను ప్రశ్న వచ్చును. వేసవి వేషమున పెరిగిన పక్షులయందు భేదము స్పష్టమే. పోమరైన్ స్కువా తోక నడిమి ఈకలు వెడల్పై, మెలి తిరిగి, చెంచా కాడల జంటవలె నుండును. ఆర్కిటిక్ స్కువాకు అవి పొట్టివై, తిన్ననై, సూదిమొన గలవై యుండును. పొడుగుతోక స్కువాకు అవి సన్నని రిబ్బనులవలె వెనుక అల్లాడుచు, తక్కిన తోకను జానెడు దాకను దాటియుండును.

ఈ గుర్తులు లేనప్పుడు ఒడలి కట్టును చూడవలెను. పోమరైన్ పెద్దది, తూకమున గద్దను సమీపించును. రొమ్మును పొట్టయు నిండుగా బరువుగా నుండి, రెక్కల విసురు నిదానముగా సాగును. పొడుగుతోక స్కువా చిన్నది. తూకమున ఊరకాకికి కొంచెము అటునిటు. దాని నడక గాలిలో తేలినట్లుండి, టర్న్ పక్షిని తలపింపజేయును. ఆర్కిటిక్ స్కువా ఈ రెంటికి నడుమ; బైరిడేగవలె చురుకైనది, వంపులు తిరుగు నేర్పు గలది. టర్న్ పక్షులను వెన్నాడి దోచుటయందు దీనిని మించినది లేదు. పోమరైన్ తనకంటె పెద్దవైన గల్ పక్షులమీదికి కూడ పోవును. చిన్న పక్షులను చంపి తినును.

అయితే పరిమాణమును గూర్చి జాగ్రత్త అవసరము. చిన్న పోమరైన్ మగపక్షియు పెద్ద ఆర్కిటిక్ ఆడుపక్షియు ప్రమాణమున ఒకదానినొకటి సమీపించును. విశాలమైన నీటిపై ప్రక్కన పోల్చుటకు మరియొక పక్షి లేనప్పుడు కన్ను పరిమాణమును ఊహించునే గాని కొలువజాలదు. రంగు కూడ అట్లే. పోమరైన్, ఆర్కిటిక్ స్కువాలలో పొట్ట తెల్లనివియు, ఒడలంతయు నల్లనివియు ఒకే జాతియందు కలవు. పొడుగుతోక స్కువా పెద్దవానిలో మాత్రము నల్లనిది దాదాపు కానరాదు.

కావున చిన్న గుర్తులను ప్రోగుచేయవలెను. రెక్క పైభాగమున ఈకల కాడలు ఎన్ని తెల్లగా నున్నవో లెక్కించుట అందొకటి. పొడుగుతోక స్కువాకు అంచున రెండు కాడలే తెల్లన. తక్కిన రెంటికి అంతకంటె హెచ్చు. రెక్క అడుగున తెల్లని మచ్చ వెనుక రెండవ చిన్న మచ్చ నెలవంకవలె కనబడినచో పోమరైన్ అగుటకు అవకాశము హెచ్చు. ముక్కు లావుగా నుండి, మొదలు పాలిపోయి కొన నల్లనై దూరమునకే రెండు రంగులుగా తోచినచో అదియు పోమరైన్‌కు అనుకూలమే. పిల్లపక్షులలో ఆర్కిటిక్ స్కువా ఒడలికి తుప్పువన్నె వెచ్చదనము ఉండును. పొడుగుతోక స్కువాకు చల్లని బూడిదవన్నె ప్రధానము. ఒక్కొక్క గుర్తు బలహీనమే. నాలుగైదు గుర్తులు ఒకే వైపు చూపినప్పుడు నిర్ణయమునకు బలము వచ్చును. రెండు ఒక వైపును రెండు మరియొక వైపును చూపినచో ఆగవలెను.

తుపాకి నుండి దుర్భిణికి

ఒక శతాబ్దము క్రితము ఈ చిక్కు ఇంతగా లేదు. అప్పటివారు పక్షిని కాల్చి, చేతిలో పట్టుకొని, కొలిచి, చర్మము భద్రపరచి పేరు చెప్పెడివారు. 1931-32లో సలీం అలీ నిజాం రాజ్యమున జరిపిన పక్షుల సర్వేక్షణము ఆ పద్ధతిలో జరిగినదే. తెలంగాణ పక్షులను గూర్చిన జ్ఞానమునకు అది నేటికిని పునాది. 1934లో అమెరికాలో రోజర్ టోరీ పీటర్సన్ ప్రకటించిన చిన్న పుస్తకము, పక్షిని చంపకయే దూరమునుండి గుర్తించు పద్ధతిని సామాన్యులకు అందించినది. 1941లో సలీం అలీయే భారతీయ పక్షులను గూర్చి అట్టి ప్రజోపయోగ గ్రంథమును వెలువరించెను. తుపాకి స్థానమున దుర్భిణి వచ్చినది. నేడు దాని ప్రక్కన కెమెరాయు చేరినది.

చంపుట మానుట మేలు. కాని పక్షి చేతికి రాకుండుటచే సాక్ష్యభారమంతయు చూచినవాని కన్నుమీద పడినది. ఛాయాచిత్రము దీనిని కొంత తేలికపరచును. కాడలను లెక్కించుటకును, ముక్కును పరిశీలించుటకును అది మిక్కిలి సహాయకారి. అయినను ఒక్క క్షణపు చిత్రము రెక్కను ఉన్నదానికంటె వెడల్పుగా చూపవచ్చును. వెలుగును బట్టి బూడిదరంగును తుప్పురంగుగా మార్చవచ్చును. ఎగురు తీరును అది చెప్పజాలదు. అందుచేత చూచిన వెంటనే, పుస్తకము విప్పకముందే, కనబడినది కనబడినట్లు వ్రాసికొనుట ఉత్తమము. పుస్తకము చూచిన పిమ్మట వ్రాసినచో కంటికి కనబడని గుర్తులు కూడ జ్ఞాపకములో చేరును.

సంశయమునకు చోటు

మునిమాపువేళ దూరమున నిలిచినది స్తంభమో మనుష్యుడో తెలియకుండుట సంశయమని నైయాయికులు చెప్పుదురు. ముత్యపుచిప్పను చూచి వెండి యనుకొనుట విపర్యయము, అనగా భ్రమ. రెండును యథార్థజ్ఞానము కావు. కాని సంశయమున నున్నవాడు ఇంకను చూచును, అడుగును. భ్రమలో నున్నవాడు వెదకుట మానును. న్యాయశాస్త్రమున విచారమునకు అంగములైన పదునారు పదార్థములలో సంశయమును ఒకటిగా లెక్కించుట ఈ కారణముననే. స్కువాలను చూచువారు తమ పుస్తకములలో స్కువా, జాతి తెలియదు అని వ్రాసి ముగించుట లోకమంతట ఆచారము. అది చేతగానితనము కాదు. శాస్త్రమునకు పనికివచ్చు వాక్యము.

పనికివచ్చుననుటకు కారణము కలదు. స్కువాల స్థితి నేడు నిశ్చింతగా లేదు. స్కాట్లండు దేశమున ఆర్కిటిక్ స్కువాల సంఖ్య 1992 నుండి 2015 వరకు జరిగిన లెక్కలలో 80 శాతము తగ్గినట్లు తేలినది. సముద్రమున చిన్న చేపలు తగ్గుటచే అవి దోచుకొనదగిన పక్షులే తగ్గినవి. పెద్ద స్కువాలు వీని పిల్లలను తినుటయు తోడైనది. ఆ పెద్ద స్కువాలు కూడ 2022లో బర్డ్ ఫ్లూ వ్యాధిచే వేలకొలదిగా మరణించినవి. ఈశాన్య గ్రీన్లండులో 2000వ సంవత్సరము తరువాత లెమ్మింగుల చక్రము దెబ్బతినగా, పొడుగుతోక స్కువాలు పెంచగల పిల్లలు మిక్కిలి తగ్గినవి. ఏ జాతి ఎచ్చట శీతకాలము గడపుచున్నది, ఏ మార్గమున పోవుచున్నది అను సంగతి తెలియనిదే ఈ తగ్గుదలను అర్థము చేసికొనుట సాధ్యము కాదు. చూచినవారి వ్రాతలే దీనికి ఆధారము. ఒక ఆర్కిటిక్ స్కువాను పొడుగుతోక స్కువాగా అచ్చు వేయించినచో, ఆ వ్రాతను మరియొకరు ఎత్తి వ్రాయుదురు. దానినుండి పటము గీయుదురు. రెట్టకును చేపకును భేదము తెలియక పెట్టిన పేరు ఎన్ని తరములు నిలిచినదో పైన చూచితిమి. సంశయమును సంశయముగా వ్రాసిన వాక్యమును కాలాంతరమున, అందుబాటులో ఉన్న ఛాయాచిత్రముతోనో వర్ణనతోనో, మరియొకడు నిర్ణయముగా మార్చగలడు. తప్పు నిర్ణయమును తీసివేయుటకు మొదట అది తప్పని ఎవరికైనను తోచవలెను.

ఈ విద్యకు సముద్రతీరమున ఇల్లు కట్టుకొననక్కరలేదు. దిల్‌సుఖ్‌నగర్ నుండియో, ఎల్.బి. నగర్ నుండియో బాలాపూర్ వైపు పోవు విద్యార్థి ఒక సంవత్సరము గద్దను మాత్రము శ్రద్ధగా చూచినచో చాలును. దాని పిల్లకును పెద్దదానికిని భేదమేమి, ఈకలు రాల్చునప్పుడు రెక్క ఎట్లుండును, ఎదురుగాలిలో తోక ఎట్లు త్రిప్పును అని వ్రాసికొనవలెను. మరుసటి ఏట చెరువు అంచున దిగు స్టింటును చూడవలెను. అది పైకి ఎగసినచో ఎవరికి భయపడినదో తల ఎత్తి చూడవలెను. పదింట తొమ్మిదిమారులు గద్దయో డేగయో కనబడును. ఏ అక్టోబరు నెలలోనో, బంగాళాఖాతపు గాలివాన వెలిసిన మరునాడు, గద్ద కానిది, డేగ కానిది, గల్ కానిది ఒకటి ఆ నీటిమీద ఎగిరినచో, దానిని ఉన్నదున్నట్లు వర్ణించి వ్రాయగలవాడు ఆ గట్టున ఒకడైనను ఉండవలెను. తెలుగులో ఆ పక్షికి పేరు పెట్టు అధికారము అట్టివానిదే.